తెరవనివాళ్ళ జాబితా

కౌనస్‌లో, నేమునస్ నది అంచులు గడ్డకట్టిన వారం
జెనొవైతె నన్ను కొట్టుకి పిలిపించింది.
పాతికేళ్ళుగా నారబట్టలమ్ముతోంది,
దుప్పట్లు, తువ్వాళ్ళు, బల్లమీద పరిచే గుడ్డలు.
"నాలుగు వేలమందికి ఈమెయిలు పంపాను,
నలుగురైనా పలకలేదు.
నేనేమైనా చచ్చానా?" అంది.

చావలేదు.
జంకు పెట్టెలో ఉంది,
లాటరీ తగిలిందనేవాడికీ
బట్టతలకి మందమ్మేవాడికీ మధ్య
మడతపెట్టిన దుప్పటిలా.

ఆమె రాసింది చదివాను.
మొదటి వరుసలోనే మూడు ఆశ్చర్యార్థకాలు,
ఉచితం, ఉచితం,
ఎర్రటి అక్షరాల్లో ఈరోజే ఆఖరు.
"కొట్లో కూడా ఇలాగే అరుస్తారా?"
"కొట్లోనా? గొంతే ఎత్తను."
"మరి ఇక్కడ?"
కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఇక్కడ ఊరంటే ఒక యంత్రం.
దానికి మొహమాటం లేదు,
నిన్న మనల్ని చూసి ఎందరు విసుక్కున్నారో
అదొక్కటే గుర్తు.

ముందు సంతకాలు సరిచేశాను.
ఇన్నాళ్ళూ పేరు చెప్పకుండానే
లోకంలో తలుపులన్నీ తట్టింది పాపం.
ఆరువందల అడ్రసులు ఎవరి దగ్గరో కొన్నవట,
పిలవని పేరంటం, అవి ఆ పూటే పోయాయి.
'ఇక పంపకండి' అన్న లింకు
అడుగున బూడిదరంగులో ఆవగింజంత ఉంటే
పెద్దది చేశాను.
"వెళ్ళే దారి నేనే చూపించాలా?"
"అది కనిపిస్తేనే, జెనొవైతె,
మనుషులు లోపల స్థిమితంగా కూర్చుంటారు."

మూడేళ్ళుగా తెరవనివాళ్ళని తీసెయ్యాలన్నప్పుడు మాత్రం
లేచి గోడమీంచి ఇనప దువ్వెన దించింది.
అమ్మమ్మదట, పళ్ళు వేలెడంత.
"అవిసె నార దీంట్లోంచి లాగితే
పొట్టి పీచంతా రాలిపోయి పొడుగుది మిగులుతుంది.
సగానికి సగం పోయేది.
ఆవిడ ఒక్కసారీ నిట్టూర్చలేదు."

రెండు సాయంత్రాలు పట్టింది.
ఇది మూతపడ్డ హోటలు,
ఈమె ఇప్పుడు నార్వేలో,
ఇతను అప్పు ఎగ్గొట్టాడు, తీసెయ్, సంతోషంగా తీసెయ్.
ఫెలిక్సాస్, జరసై, దగ్గర వేలు ఆగింది.
కొనేది భార్య. ఆమె పోయాక
ఒక్కటీ తెరిచినట్టు లేదు.
"ఇతన్ని ఇలా మీట నొక్కి పంపను" అని
కాగితం తీసి, చేత్తో రాసి, స్టాంపు అంటించింది.

తొమ్మిదో రోజు జవాబొచ్చింది,
ఈమెయిల్లో,
ఈమె జంకు పెట్టెలోకే.
విషయం వరుస ఖాళీ, కింద ఒక ఫొటో.
అలాంటివి ఎవర్నీ నమ్మవద్దని
మన యంత్రానికి మనమే నేర్పాం.
ఫొటోలో వంటింటి బల్ల, నీలం అంచు గుడ్డ,
దానిమీద ఒక్క కప్పు.
"ప్రతి గురువారం చదువుతాను.
జంకు అన్న చోటుకే వస్తాయి.
మీరుండేది అక్కడేననుకున్నాను."

ఆ పెట్టెలో బొమ్మలు తెరుచుకోవు.
బొమ్మ తెరుచుకోకపోతే
నా లెక్కలో మనిషి లేడు.

ఆమె వెంటనే ఫోన్ చేసింది.
"ఇది జంకు కాదు అని ఒక మీట ఉంటుంది, నొక్కండి."
"నొక్కితే?"
"ముందు గదిలోకి వస్తాం, అందరితో పాటు."
చాలాసేపు అవతల కెటిల్ చప్పుడే.
"అక్కడ కరెంటువాళ్ళు, ఆసుపత్రివాళ్ళు ఉంటారమ్మా.
ఇక్కడే నయం, కాస్త నిమ్మళం."

ఇప్పుడు జాబితాలో పదిహేడువందల చిల్లర.
దాదాపు అందరికీ ముందు గదికే చేరుతోంది,
నా డబ్బులు నాకు ముట్టాయి.
ఒక్కటి చేరదు. నియమం ప్రకారం
అది నా పనికి మచ్చ, తీసెయ్యాలి.

గురువారం సాయంత్రం లెక్కలు అచ్చుతీసిస్తాను.
అతని పేరు పక్కన 'తెరవలేదు' అనే ఉంటుంది.
ఆమె చెవి వెనక పెన్సిల్ తీసి
ఆ మాట కొట్టేస్తుంది.
నాతో ఏమీ అనదు.